నలుగురిని బయటికి పంపండి



ఈ వారం నేను రాసే మాటలు కొందరికి కష్టంగా ఉండవచ్చు. నన్ను ప్రార్థనకు పిలిచి, అన్నం పెట్టి, గౌరవంగా సాగనంపే ఇళ్ళకే ఈ మాటలు తగులుతాయని నాకు తెలుసు. అయినా రాయాలి. ఎండాకాలం వచ్చిందంటే మన పల్లెల్లో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. రెండు, ఆ పరీక్షలు రాసిన ఆడపిల్లలకు సంబంధాలు చూడడం మొదలవుతుంది. జూన్‌లో కాలేజీలు తెరిచేసరికి ఒకరిద్దరు పిల్లలు కనబడరు. వాళ్ళ తమ్ముళ్ళు మాత్రం కొత్త సంచి తగిలించుకొని బస్సు ఎక్కుతారు.

ఎందుకమ్మా చదువు మానిపించారు అని అడిగి చూడండి. డబ్బులు లేవని చెప్పేవారు కొందరు ఉంటారు. కానీ ఎక్కువమంది నోట వచ్చే మాట ఒకటే. "పిల్ల ఎదిగింది కదా అయ్యగారూ, ఇంకా ఇంట్లో పెట్టుకుంటే నలుగురు ఏమనుకుంటారు?"

ఈ నలుగురి గురించే ఈ రోజు మాట్లాడదలిచాను. మన ఆడపిల్లలు ఏం తినాలో, ఏ రంగులో ఉండాలో, ఎంతవరకు చదవాలో, ఎప్పుడు పెళ్ళి చేసుకోవాలో ఈ నలుగురే నిర్ణయిస్తున్నారు. ఆదివారం మనం యేసే ప్రభువని పాడతాం. సోమవారం నుండి శనివారం వరకు ఈ నలుగురికే సాగిలపడతాం.

మార్కు సువార్త 5వ అధ్యాయము తెరవండి. యాయీరు అనే సమాజమందిరపు అధికారి ఉన్నాడు. ఊరిలో పెద్దమనిషి. తన చిన్న కుమార్తె చావు బతుకుల్లో ఉంటే వచ్చి యేసు పాదాల మీద పడ్డాడు. కొడుకు కోసం కాదు, కూతురి కోసం. పదిమంది చూస్తుండగా పడ్డాడు. పరువు చూసుకునేవాడైతే అలా పడేవాడు కాదు. దారిలో ఉండగానే ఇంటి దగ్గరనుండి మనుషులు వచ్చారు. పిల్ల చనిపోయింది, ఇంకా బోధకుణ్ణి ఎందుకు శ్రమపెట్టడం అన్నారు. అది లోకము మాట. ఆడపిల్ల విషయంలో లోకము ఎప్పుడూ తొందరగా లెక్క తేల్చేస్తుంది.

ప్రభువు ఆ ఇంటికి చేరేసరికి అక్కడ గుంపు ఉంది. ఏడుస్తున్నారు, ప్రలాపిస్తున్నారు. అమ్మాయి నిద్రిస్తోందని ఆయన అనగానే ఆ ఏడ్చినవాళ్ళే నవ్వారు. ఒక్క నిమిషంలో ఏడుపు ఎగతాళి అయింది. ఊరి నలుగురి స్వభావం అదే కదా! అప్పుడు ప్రభువు ఏం చేశాడో గమనించండి. వాళ్ళతో వాదించలేదు, బతిమాలలేదు. అందరినీ బయటికి పంపివేశాడు. తల్లిని, తండ్రిని, తనతో ఉన్న శిష్యులను మాత్రమే లోపలికి తీసుకువెళ్ళాడు. పిల్ల చెయ్యి పట్టుకొని లేవమన్నాడు. ఆమె లేచి నడిచింది. ఆమె వయస్సు 12 సంవత్సరాలని వాక్యము స్పష్టంగా చెబుతోంది.

నలుగురు లోపల ఉండగా ఆ పిల్ల లేవలేదు, ప్రియులారా. వాళ్ళు బయటికి వెళ్ళాకే లేచింది. మన ఇళ్ళలో ఈ నలుగురు ఎక్కడెక్కడ కూర్చున్నారో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ఫంక్షన్ దగ్గర కూర్చున్నారు. పిల్ల పెద్దమనిషి అయితే అది తల్లి దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పవలసిన విషయం. మనం దానికి టెంటు వేస్తున్నాం. నాలుగు రోడ్ల కూడలిలో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కడుతున్నాం. అన్యాచారాలు మానేశామని చెప్పుకునే మనం దాని పేరు మార్చి కృతజ్ఞతా కూడిక అంటున్నాం, దైవజనుణ్ణి పిలిచి ప్రార్థన చేయిస్తున్నాం. ఆ ఫ్లెక్సీ ఊరికి ఏం చెబుతోంది? మా ఇంట్లో పిల్ల పెళ్ళికి వచ్చింది, చూసుకోండి అని చెబుతోంది. నిన్నటిదాకా సైకిలు తొక్కిన పిల్లను మరుసటి రోజునుండి ఊరంతా వేరే చూపు చూస్తుంది. ఆ చూపును పిలిచింది మనమే. తరువాత రోజులు బాలేవని ఏడ్చేదీ మనమే.

రెండోది, అద్దం దగ్గర కూర్చున్నారు. పిల్ల పుట్టగానే మన ఆడవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న రంగు గురించే. నల్లగా ఉంటే కట్నం ఎక్కువ ఇవ్వాలని ఆ పిల్ల వింటుండగానే లెక్కలు వేస్తారు. 1975లో మన దేశంలో మార్కెట్‌లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో తన పేరు గ్లో అండ్ లవ్లీ అని మార్చుకుంది. క్రీము పేరు మారింది గానీ మన నోరు మారలేదు. ఇప్పుడు దానికి ఫోన్ తోడైంది. ఫొటో తీస్తే అదే ముఖాన్ని తెల్లగా, సన్నగా చేసి చూపిస్తుంది. 14 ఏళ్ళ పిల్ల ఆ ఫొటో చూసుకొని, తరువాత అద్దంలో చూసుకొని తనను తానే అసహ్యించుకుంటుంది. పరమగీతము 1వ అధ్యాయములో ఒక స్త్రీ తాను నల్లనిదాననని, అందమైనదాననని ఒకే ఊపిరిలో చెప్పుకుంది. ఎండ తగిలి నల్లబడ్డానని కూడా చెప్పింది. పొలంలో పనిచేసిన పిల్ల ఆమె. మన పిల్లల్లాంటిదే. దేవుడు తన గ్రంథములో ఆ మాటకు చోటు ఇచ్చాడు. మన వంటింట్లో దానికి చోటు లేదు.

మూడోది, కంచం దగ్గర కూర్చున్నారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుండి 19 ఏళ్ళ మధ్య ఆడపిల్లలు పదిమందిలో ఆరుగురికి, అంతకంటే కాస్త ఎక్కువమందికి, రక్తహీనత ఉంది. గుడ్డు ముందు అబ్బాయికి, మాంసం ముక్క ముందు మగవాళ్ళకి, అడుగున మిగిలిన పులుసు అమ్మకీ అమ్మాయికీ. ఇది చాలా ఇళ్ళలో పద్ధతి. ఆరాధనలో పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే నూనె రాసి ప్రార్థన చేయమంటారు. తప్పకుండా చేస్తాను. కానీ ప్రభువు యాయీరు కుమార్తెను లేపిన తరువాత చెప్పిన మాట ఏమిటి? ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. మృతులలోనుండి లేపగల దేవుడు ఒక ఆడపిల్ల ఆకలిని గుర్తుపెట్టుకున్నాడు. ఐరన్ మాత్రలు బడిలోనూ, అంగన్‌వాడీలోనూ ఉచితంగా ఇస్తారు. వాటిని మింగించండి, గుడ్డు పెట్టండి. అది కూడా విశ్వాసపు క్రియే.

నాలుగోది, ఫోన్ దగ్గర కూర్చున్నారు. ఎవడో ఒక కుర్రాడు పిల్ల ఫొటోను దొంగతనంగా తీసుకొని, మార్చి, పదిమందికి పంపిస్తాడు. తప్పు చేసింది వాడు. చదువు ఆగిపోయేది ఈమెది. వాడు మరుసటి ఆదివారం మందిరములో డప్పు వాయిస్తుంటాడు. ఈమె ఇంట్లో తలుపు వెనక ఉంటుంది. యోహాను 8వ అధ్యాయములో కూడా ఇదే జరిగింది. స్త్రీని పట్టుకొచ్చారు, పురుషుణ్ణి తీసుకురాలేదు. ప్రభువు ఆ అన్యాయపు గుంపును ఒక్కొక్కరినీ వెనక్కి పంపాడు. పిల్లల ఫొటోలతో ఆడుకోవడం నేరం. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. అలా కాక పిల్ల ఫోన్ పగలగొట్టి, బడి మానిపిస్తే, రేపు ఇంకెవడైనా బెదిరించినప్పుడు ఆమె మీకు చెప్పదు. చెబితే శిక్ష తనకే పడుతుందని ఆమెకు మీరే నేర్పించారు.

ఇక ఐదోది, అన్నిటికంటే పెద్దది. ఈ నలుగురు పెళ్ళి పీటల మీద కూర్చున్నారు.

అదే సర్వేలో 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలను మీ పెళ్ళి ఏ వయసులో అయిందని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయిపోయింది. తెలంగాణలో నూటికి 23 మందికి పైగా. దేశం మొత్తం లెక్క 23 దగ్గర ఉంటే మన ఆంధ్ర దానికంటే పైన ఉంది. చదువుకున్న రాష్ట్రం, ఇంజనీర్లను అమెరికా పంపిన రాష్ట్రం అని మనం గర్వపడతాం. ఆ అమెరికా ఫొటోల వెనక నూటికి 29 మంది పిల్లలు ఉన్నారు.

బాల్య వివాహ నిషేధ చట్టము 2006లో వచ్చింది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. 18 నిండని పిల్ల పెళ్ళి జరిపించినవారికి 2 ఏళ్ళ వరకు కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. జరిపించినవారంటే పాస్టర్లు కూడా. పెళ్ళి చేసిన తల్లిదండ్రులూ శిక్షార్హులే. ఆ పెళ్ళికి హాజరు కావడాన్ని కూడా చట్టము లెక్కలోకి తీసుకుంటుంది. భారత క్రైస్తవ వివాహ చట్టము 1872 నాటిది. దాని 60వ సెక్షను కూడా మన పెళ్ళిళ్ళకు ఈ వయస్సులే చెబుతుంది. కాబట్టి మనది వేరే మతం, వేరే చట్టం అని ఎవరూ తప్పించుకోలేరు.

"సరే అయ్యగారూ, సర్టిఫికెట్ వద్దులెండి, ఇంటి దగ్గరే చిన్న ప్రార్థన చేసి పెట్టండి" అని అడిగేవారున్నారు. "ఇప్పుడు ప్రధానం మాత్రం చేద్దాం" అనేవారూ ఉన్నారు. ప్రధానం అయిన నెలకే పిల్ల అత్తగారింట్లో ఉంటుంది. చట్టానికి భయపడి సర్టిఫికెట్ వద్దంటారు గానీ దేవునికి భయపడి పెళ్ళి వద్దనరు. దేవుని నామమును ఆ ప్రార్థనలో ఎలా ఎత్తుకుంటాము? నేను ఎత్తను. ఏ దైవజనుడూ ఎత్తకూడదు. నేను చేయకపోతే పక్క ఊరి పాస్టరుగారు చేస్తారంటారు. అందుకే పక్క ఊరి సేవకులకు కూడా ఈ మాట రాస్తున్నాను. కానుక కోసం పదహారేళ్ళ పిల్ల తల మీద చెయ్యి పెట్టకండి. కాపరి గొర్రెపిల్లను ఎవరికీ పట్టి ఇవ్వకూడదు.

ఇప్పుడు మీరు చెప్పే కారణాలు చూద్దాం. వాటిని నేను తేలికగా తీసుకోవడం లేదు.

"రోజులు బాలేవు, మేము మిర్చి కోతలకు వెళ్తే పిల్లను ఎవరి దగ్గర వదలాలి?" ఇది నిజమైన భయం. కర్నూలు పల్లెలనుండి గుంటూరు చేలకు వలస వెళ్ళే తల్లుల కడుపులో ఉండే భయం ఇది. దీన్ని చూసి నవ్వేవాడికి హృదయం లేదు. కానీ దీనికి జవాబు పెళ్ళి కాదు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004 పథకంతో వచ్చాయి, అవి మన పేద ఆడపిల్లల కోసమే. ఉండడం, తినడం, చదువు అన్నీ ఉచితం. గురుకులాలు ఉన్నాయి, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు ఉన్నాయి. ఇవి దొరకకపోతే సంఘము ఉంది. మూడు నెలలు ఇద్దరు పిల్లలకు ఇంత అన్నం పెట్టి, రాత్రి తోడు పడుకోలేని స్త్రీల సమాజము ఎందుకు? ఏడాదికొకసారి చీరలన్నీ ఒకే రంగువి కట్టుకొని ఫొటో దిగడానికా?

"మా అక్కకు మాట ఇచ్చానండీ, పిల్ల పుట్టినప్పుడే అనుకున్నాం." మేనరికపు మాట. న్యాయాధిపతులు 11వ అధ్యాయములో యెఫ్తా కూడా మాట ఇచ్చాడు. తొందరపడి నోరు జారాడు, ఆ మాట ఖరీదు అతను చెల్లించలేదు, అతని ఒక్కగానొక్క కుమార్తె చెల్లించింది. ఇశ్రాయేలు కుమార్తెలు ఏటేటా నాలుగు రోజులు ఆమె కోసం దుఃఖపడేవారని రాసి ఉంది. మీ మాట గొప్పదైతే మీ పొలం ఇచ్చి నిలబెట్టుకోండి. పిల్లను ఇచ్చి కాదు.

"మరియమ్మ చిన్న వయస్సులోనే కదా పెళ్ళి చేసుకుంది?" ఈ మాట కూడా మందిరములోనే వినబడుతుంది. మరియ వయస్సు ఎంతో బైబిలులో ఎక్కడా లేదు. ఉన్నది ఏమిటంటే, లూకా 1వ అధ్యాయములో దూత వచ్చి ఆమెతోనే మాట్లాడాడు, ఆమె ప్రశ్న అడిగింది, జవాబు విన్నది, తరువాత తన నోటితోనే ఒప్పుకుంది. దేవుడు ఆమె తండ్రితో మాట్లాడి ఖాయం చేసుకోలేదు. ఆదికాండము 24లో రిబ్కా సంగతి చూడండి. సంబంధం మంచిది, ఇచ్చినవి బంగారు ఆభరణాలు, వచ్చినవాడు దేవుని నడిపింపుతో వచ్చినవాడు. అయినా ఇంటివారు పిల్లను పిలిచి ఆమె ఏమంటుందో అడిగారు. వెళ్తానని ఆమె చెప్పాకే పంపారు. అంత పురాతన కాలంలో అడిగారు. మనం 5జీ కాలంలో అడగడం లేదు.

"ఎక్కువ చదివిస్తే ఎక్కువ చదివిన వరుణ్ణి తేవాలి, కట్నం పెరుగుతుంది." అమ్మా, అయ్యా, వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా, క్రైస్తవ పెళ్ళిలో కూడా లాంఛనాలు అనే పేరుతో బండి, బంగారం మారుతున్నాయి. కట్నం పాపమైతే కట్నం మానాలి. దాని కోసం చదువు మానిపిస్తారా? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెడతారా?

"చదువుకని పంపితే ఎవడితోనైనా వెళ్ళిపోతే?" ఇంట్లో ఒక్కరోజు కూడా మనసు విప్పి మాట్లాడనివ్వకపోతే, మాట వినే మొదటివాడి వెంట పిల్ల వెళ్తుంది. ఈ భయానికి మందు పెళ్ళి కాదు. సాయంత్రం పిల్లతో కూర్చొని పావుగంట మాట్లాడడం. దానికి కట్నం అక్కర్లేదు.

ప్రియులారా, మనం ఎక్కడనుండి వచ్చామో మరచిపోయాం. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరుకు వచ్చింది. మగ డాక్టరు ముట్టుకోకూడదని మన స్త్రీలు ప్రసవాల్లో చనిపోతున్న కాలం అది. ఆమె 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. ఊరి బడిలోకి మన పిల్లలను రానివ్వని రోజుల్లో మిషను బోర్డింగులు ఆడపిల్లలకు పలక ఇచ్చాయి. మన నాయనమ్మలు, అమ్మమ్మలు కొందరు నర్సులయ్యారు, టీచర్లయ్యారు, బైబిలు స్త్రీలయ్యారు. ఆ రోజు కూడా నలుగురు నవ్వారు. ఆ నవ్వును లెక్కచేయని తల్లిదండ్రుల వల్లే ఈ రోజు మన సంఘాల్లో చదువుకున్న కుటుంబాలు ఉన్నాయి. వారి మనుమలమైన మనం మన పిల్లల చేతిలో పలక లాక్కుంటే ఆ విశ్వాసులకు ఏం జవాబు చెబుతాం?

పదహారేళ్ళకే గర్భవతి అయిన పిల్లకు రక్తం చాలదు, బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువ. ఇది మన పీహెచ్‌సీలో నర్సమ్మ చెబుతుంది. గుండెల మీద కుంపటి దించుకున్నామని మీరు ఊపిరి పీల్చుకుంటారు. ఆ కుంపటి ఆరలేదు. మీ గుండెల మీదనుండి తీసి పిల్ల గుండెల మీద పెట్టారు, అంతే.

కాబట్టి ఈ ఎండాకాలం మనం చేయవలసినవి చెబుతాను. పెళ్ళి ప్రకటన చదివే ముందు ప్రతి సంఘములో పదో తరగతి మార్కుల లిస్టు గానీ, పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ చూడాలి. ఆధార్ ఒక్కటే చూసి సరిపెట్టకూడదు. వయస్సు చాలకపోతే ప్రకటన లేదు, ప్రధానం లేదు, ఇంటి దగ్గర ప్రార్థన లేదు. విందుకు కూడా ఎవరమూ వెళ్ళవద్దు. సంఘ పెద్దల ఇంట్లో పెళ్ళయినా ఇదే మాట. పదో తరగతి పాసైన ప్రతి ఆడపిల్ల పేరు రాసుకొని, జూన్‌లో ఎవరు కాలేజీలో చేరారో, ఎవరు చేరలేదో పెద్దలు ఇంటింటికీ వెళ్ళి అడగాలి. ఫీజు చాలకపోతే సౌండ్ బాక్సుల కోసం దాచిన డబ్బు తీయండి. పాత మైకులో పాడినా దేవుడు వింటాడు.

ఇంత చెప్పినా ఎవరైనా బలవంతంగా చేస్తుంటే 1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసం పెట్టిన ఉచిత నంబరు అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. సంఘము పరువు పోతుందని ఆగకండి. పరువు పోయేది ఫోన్ చేస్తే కాదు, ఆ పెళ్ళి జరిగితే.

తల్లులారా, మీకు ఒక మాట. ఈ నలుగురిలో చాలాసార్లు ముగ్గురు ఆడవాళ్ళే ఉంటారు. పదిహేనేళ్ళకే పెళ్ళయి మీరు పడిన బాధ మీకు గుర్తుంది. "మేమూ పడ్డాం, ఇదీ పడుతుంది" అనకండి. మేము పడ్డాం గనుక మా పిల్ల పడకూడదు అనండి.

చెల్లెమ్మలారా, సండే స్కూల్లో పాటలు నేర్చుకున్న చిన్న తల్లులారా, ఫోన్‌లో ఇది చదువుతున్నారని నాకు తెలుసు. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి మా తండ్రి ఆస్తిలో మాకు పాలు కావాలని అడిగారు. దేవుడు వాళ్ళను గద్దించలేదు. వాళ్ళు అడిగింది న్యాయమే అన్నాడు. ఆడపిల్ల అంటే "ఆడ" పిల్లే, ఈ ఇంటి పిల్ల కాదని మీతో చెబుతుంటారు. వాక్యము ఆ మాట ఒప్పుకోదు. దేవుని ఇంట్లో మీకు పాలు ఉంది. చదువుకుంటానని తండ్రితో గౌరవంగా, గట్టిగా చెప్పండి. భయమైతే మా పాస్టరమ్మగారితో చెప్పండి, టీచరమ్మతో చెప్పండి. మీ తరఫున మాట్లాడడానికి మేము వస్తాము.

తండ్రులారా, యాయీరు పరువు చూసుకోలేదు, కూతురి చెయ్యి యేసు చేతిలో పెట్టాడు. ఈ రాత్రి ప్రార్థన చేసుకునేటప్పుడు మీ ఇంట్లో కూర్చున్న ఆ నలుగురినీ బయటికి పంపి, తలుపు వేయండి. తరువాత పిల్లను పిలిచి, ఏం చదవాలని ఉందమ్మా అని అడగండి. అడిగి, అన్నం పెట్టండి.

పరలోకపు తండ్రీ, మా కుమార్తెలను నీవు మాకు భారముగా కాదు, స్వాస్థ్యముగా ఇచ్చావు. మనుషుల భయమునుండి మమ్మును విడిపించుము. నీ సేవకుల చేతులను ఈ పాపమునకు దూరముగా ఉంచుము. మా పిల్లలను లేవనెత్తుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.